నీటిరంగులు, ప్యాటర్న్ డిజైన్: ఒక ఆన్‌లైన్ తరగతిపై సమీక్ష

కుంచె పట్టుకోవడం కూడా సరిగా తెలియని స్థితిలో ఎనిమిది వారాల ఆన్‌లైన్ తరగతిలో చేరి, నీటిరంగులతో పూలూ ఆకులూ వేయడం, వాటిని బట్ట మీదా వాల్‌పేపర్ మీదా ముద్రించదగిన ప్యాటర్న్‌గా మార్చడం నేర్చుకున్నాను. ముందే రికార్డు చేసిన 31 వీడియోలు, అన్నీ కలిపి సుమారు తొమ్మిది గంటలు. నాలుగో వారంలో ఒకసారి, ఏడో వారంలో ఒకసారి బోధకురాలితో ప్రత్యక్ష సమావేశం. చివర సొంతంగా చేయవలసిన ఒక ప్రాజెక్టు. మొదటి ఐదు వారాలు నీటిరంగులకు, తరువాతి మూడు వారాలు ప్యాటర్న్ డిజైన్‌కు కేటాయించారు. ఇలాంటి తరగతులు చాలావరకు ఇదే అచ్చులో సాగుతాయి కాబట్టి, పేరు పక్కనపెట్టి బోధన పద్ధతి గురించే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్యాటర్న్ డిజైన్ భాగం చాలా బాగుంది; వీడియో ద్వారా నేర్చుకోవడానికి అంతగా ఒదిగే విద్యలు తక్కువేనేమో అనిపించింది. నీటిరంగుల భాగంలో మాత్రం పెద్ద లోటు ఉంది. నీటిరంగుల్లో కొత్తవాళ్లు మొదట నేర్చుకోవలసింది కాగితం మీద తడి ఆరే క్రమాన్ని గమనించడం. వీడియోను కూర్చేటప్పుడు ముందుగా కత్తెర పడేది సరిగ్గా ఆ ఆరే సమయానికే. ఆ లోటును ఎలా పూడ్చుకోవాలో తెలిస్తే తరగతి ఎంతో ఉపయోగపడుతుంది. తెలియకపోతే రెండో వారంలోనే, తన చేతిలో కళ లేదనుకుని మానేసే ప్రమాదం ఉంది. నేను మానేయడానికి చాలా దగ్గరగా వెళ్లాను.

తరగతి మొదలవడానికి వారం ముందు సామగ్రి జాబితా పంపారు. అందులో 24 రంగుల పెట్టె, ఏడు కుంచెలు, మాస్కింగ్ ఫ్లూయిడ్, తెల్ల జెల్ పెన్ను, ఇంకా చిన్నాచితకా వస్తువులు ఉన్నాయి. కాగితం దగ్గరకు వచ్చేసరికి 'వాటర్‌కలర్ కాగితం' అని మాత్రమే ఉంది. ఈ ప్రాధాన్యం పూర్తిగా తలకిందులుగా ఉందని ఇప్పుడు చెప్పగలను. కొత్తవాళ్లు రంగుల్లో సగం, కుంచెల్లో సగం తగ్గించుకుని, మిగిలినదంతా కాగితం మీద పెట్టడం మేలు. నేను మొదట వాడినది కలపగుజ్జుతో చేసిన 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) కాగితం. తడిపిన వెంటనే అది అలలుగా లేచేది, పల్లాల్లో నీరు నిలిచేది, రంగు అక్కడికి చేరి మడుగు కట్టేది. నీరు కొన్నిచోట్ల వెంటనే ఇంకిపోయేది, కొన్నిచోట్ల పైనే తేలేది. మూడో వారంలో 300 జీఎస్‌ఎం బరువున్న, నూరు శాతం పత్తితో చేసిన కోల్డ్ ప్రెస్డ్ కాగితం తెచ్చుకుని, అదే రంగుతో, అదే కుంచెతో అదే వాష్, అంటే నీటితో పలుచన చేసిన రంగుపూత, వేశాను. చేతిలో ఏ మార్పూ లేకుండానే ఫలితం మారిపోయింది. పత్తి కాగితం తడిని ఎక్కువసేపు, సమంగా పట్టి ఉంచుతుంది. పైన పూసిన సైజింగ్ అనే పొర నీటిని ఒక్కసారిగా లోపలికి పోనివ్వదు. పొర మీద పొర వేసినా, తడి కుంచెతో రంగును పైకి లేపినా కాగితం నార లేచిపోదు. ఈ నాలుగు మాటలు మొదటి పాఠంలోనే చెప్పి ఉంటే రెండు వారాల నిరుత్సాహం తప్పేది. కోల్డ్ ప్రెస్డ్ అంటే కొద్దిగా గరుకు, హాట్ ప్రెస్డ్ అంటే నునుపు, రఫ్ అంటే బాగా గరుకు అన్న తేడా కూడా ఐదో వారంలో, అదీ మాటల మధ్యలో వచ్చింది.

రంగుల విషయంలో పాఠం కొంత మెరుగ్గా ఉన్నా, అత్యంత అవసరమైన అలవాటు ఒకటి వదిలేశారు. ట్యూబు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కన్నా, చిన్న అక్షరాల్లో ఉన్న పిగ్మెంట్ (వర్ణద్రవ్యం) సంకేతం ముఖ్యం. పీబీ 29 అని ఉంటే ఏ కంపెనీదైనా అది అల్ట్రామెరీన్ నీలమే. అదే శాప్ గ్రీన్ అనే పేరు చూసి కొంటే, ఒక కంపెనీ ట్యూబులో ఉన్న మిశ్రమానికీ మరో కంపెనీ మిశ్రమానికీ పోలిక ఉండకపోవచ్చు. రెండు మూడు వర్ణద్రవ్యాలు ముందే కలిసి ఉన్న రంగులో మరో మిశ్రమ రంగు కలిపితే, లెక్కకు ఐదారు ద్రవ్యాలు చేరి బురదరంగు వస్తుంది. నా తొలి పూలన్నీ మట్టిబారిపోవడానికి కారణం ఇదేనని, సంకేతాలు చదవడం మొదలుపెట్టాక అర్థమైంది. ఒకే ద్రవ్యం ఉన్న ఆరు రంగులు చాలు: చల్లని పసుపు, వెచ్చని పసుపు, వెచ్చని ఎరుపు, గులాబీ వైపు మొగ్గే ఎరుపు, అల్ట్రామెరీన్, థాలో నీలం. నా దగ్గరి 24 రంగుల పెట్టెలో 18 రంగులు ఇప్పటికీ కొత్తవిగానే ఉన్నాయి.

ఎండకు వెలిసిపోయే స్వభావం గురించి కూడా ఒక మాట అవసరం. అసలైన అలిజరిన్ క్రిమ్సన్, అంటే పీఆర్ 83, వెలుతురుకు నిలవదని చిత్రకారులందరికీ తెలిసిన సంగతే. అయినా సామగ్రి జాబితాలో ఏ హెచ్చరికా లేకుండా అలిజరిన్ క్రిమ్సన్ అని రాశారు. ప్యాటర్న్ కోసం స్కాన్ చేసే బొమ్మకు ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు, ఎందుకంటే మూలచిత్రం పెట్టెలోనే ఉంటుంది. చట్రం కట్టి గోడకు తగిలించాలనుకునేవారికి మాత్రం నష్టమే.

ఈ భాగంలో నాకు బాగా నచ్చిన పాఠం గ్రాన్యులేషన్‌ది, అంటే రంగు రేణువులు కాగితం గుంటల్లో దిగి ఇసుక చల్లినట్టు కనిపించడం. అల్ట్రామెరీన్‌నూ థాలో నీలాన్నీ పక్కపక్కన పలుచగా వేసి చూపించారు. మొదటిది కాగితం గరుకులో రవ్వలు రవ్వలుగా నిలిచింది. రెండోది అద్దకంలా సమంగా పరుచుకుని, తరువాత తడి కుంచెతో ఎంత రుద్దినా పూర్తిగా వదల్లేదు. ఆ సందర్భంలోనే బోధకురాలు అల్ట్రామెరీన్ చరిత్ర కొంత చెప్పారు. ఒకప్పుడు లాపిస్ లజులి రాయిని నూరి తీసిన ఈ నీలాన్ని ఫ్రాన్స్‌లో 1824లో ప్రకటించిన బహుమతి కోసం పలువురు కృత్రిమంగా తయారుచేయడానికి ప్రయత్నించారనీ, 1828లో ఆ బహుమతి గీమే అనే రసాయన శాస్త్రవేత్తకు దక్కిందనీ విన్నప్పుడు, నా పాలెట్‌లో గోరంత ఉన్న నీలాన్ని మరింత శ్రద్ధగా చూశాను. ఇలాంటి వివరం అభ్యాసానికి అడ్డం రాదు. చేతిలో ఉన్న వస్తువు మీద గౌరవం పెంచుతుంది.

ఇక తడి విషయం. రెండో వారంలో వచ్చే ఆకు పాఠాన్నే తీసుకుంటాను. ఆకు ఆకారమంతా మంచినీటితో తడిపి, కొసన పసుపు, తొడిమ దగ్గర నీలం తాకించి, మధ్యలో ఆ రెండూ వాటంతట అవే కలిసి ఆకుపచ్చ అయ్యేలా చూడటం అభ్యాసం. వీడియోలో ఆమె తడిపారు, రంగు తాకించారు, రంగు పొగలా పాకింది; మరుక్షణంలో ఆకు ఆరిపోయి ఉంది, ఆమె దాని మీద ఈనెలు గీస్తున్నారు. ఆ రెండు దృశ్యాల మధ్య ఎంతసేపు గడిచిందో ఎక్కడా చెప్పలేదు. నేను అదే ఆకు వేసి, ఆరిందనుకుని నీలంతో నడిమి ఈనె గీశాను. గీత గీతగా నిలవకుండా రెండు వైపులకూ విచ్చుకుని, దాని అంచున రంగు పోగై, చిరిగిన రేకుల్లాంటి వంకర గీత తేలింది. చిత్రకారులు దీన్ని బ్లూమ్ అంటారు, కాలీఫ్లవర్ అని కూడా అంటారు. కాగితం మీద రంగు సగం కుదురుకుని ఉన్నప్పుడు కుంచెలోంచి అంతకన్నా ఎక్కువ నీరు దిగితే, ఆ నీరు కుదురుకుంటున్న రేణువులను బయటికి నెట్టుకుపోయి అంచున వదిలేస్తుంది. అయితే నాకు అప్పుడు ఈ కారణం తెలియదు. వీడియోను ఏడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, ఆమె చేసినట్టే చేశాను, ఏడుసార్లూ అదే మరక వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, కాగితం ఆరడంలో స్పష్టమైన దశలు ఉన్నాయి. మొదట నీరు పైన నిలిచి అద్దంలా మెరుస్తుంది; అప్పుడు వేసిన రంగు అదుపు లేకుండా పాకుతుంది. కాసేపటికి ఆ మెరుపు తగ్గి పట్టుబట్ట నిగారింపులా మారుతుంది. అప్పుడు చిక్కటి రంగు వేస్తే అంచులు మెత్తగా ఉంటూనే ఆకారం నిలుస్తుంది, నీళ్ల రంగు వేస్తే మాత్రం బ్లూమ్ వస్తుంది. తరువాత మెరుపు పూర్తిగా పోతుంది కానీ కాగితం లోపల ఇంకా తడిగానే ఉంటుంది. కొత్తవాళ్లు మోసపోయేది ఈ దశలోనే, నేను ఏడుసార్లూ గీత గీసింది కూడా ఈ దశలోనే. ఆ తరువాతే కాగితం నిజంగా ఆరడం. ఏ దశలో ఉన్నా పాటించవలసిన సూత్రం ఒక్కటే: కాగితంలో ఉన్న తడి కన్నా కుంచెలో ఉన్న తడి ఎక్కువ కాకూడదు.

ఈ దశల్ని గుర్తుపట్టే ఆనవాలు మెరుపు. మెరుపు కనబడాలంటే కాగితాన్ని పక్కనుంచి, వెలుతురుకు ఎదురుగా, కంటిని కిందికి దించి చూడాలి. ఆన్‌లైన్ తరగతుల్లో కెమెరా బల్లకు నిటారుగా పైన ఉంటుంది, నీడలూ మెరుపులూ పడకుండా దీపాలకు తెరలు కడతారు. చిత్రం స్పష్టంగా కనబడాలన్న మంచి ఉద్దేశంతోనే అలా చేస్తారు. అయితే ఫలితంగా, బోధకురాలు తన కుర్చీలోంచి చూసి నిర్ణయం తీసుకునే ఆ ఒక్క ఆనవాలూ మనకు తెర మీద కనిపించకుండా పోతుంది. ఆమె చేయి కనిపిస్తుంది, ఆమె కన్ను చూస్తున్నది కనిపించదు. పక్కన మరో కెమెరాను తక్కువ ఎత్తులో పెట్టి, ఒక్క వాష్ ఆరడాన్ని కత్తిరింపు లేకుండా పది నిమిషాలు చూపిస్తే చాలు. తొమ్మిది గంటల్లో ఆ పది నిమిషాలకు చోటు దొరకకపోవడమే ఈ తరగతి మీద నా ప్రధానమైన ఫిర్యాదు.

ఆ విషయం నాకు తెలిసింది నాలుగో వారపు ప్రత్యక్ష సమావేశంలో. నా వంతు వచ్చినప్పుడు మరకలు పడిన ఆకులన్నీ చూపించాను. ఆమె వాటిని విమర్శించలేదు. కొత్త ఆకును అక్కడే తడిపి రంగు వేయమన్నారు. వేశాక, "కాగితాన్ని కొంచెం పైకెత్తి దీపం వైపు వంచండి. మెరుస్తోందా?" అని అడిగారు. మెరుస్తోందన్నాను. "అయితే కుంచె పక్కన పెట్టేయండి. మెరుపు పోయాక చెప్పండి" అన్నారు. మిగతా వాళ్ల బొమ్మలు చూస్తూ ఉండగా నాలుగైదు నిమిషాలు గడిచాయి. మెరుపు పోయిందని చెప్పి కుంచె తీసుకోబోతే ఆపారు. "వేలి వెనకభాగంతో కాగితాన్ని తాకండి. చల్లగా ఉంటే ఇంకా ఆరలేదన్నమాట." తాకి చూస్తే నిజంగానే చల్లగా ఉంది. మరికొంతసేపటికి ఆ చల్లదనం పోయాక నడిమి ఈనె గీశాను. గీత గీసినచోటే గీతగా నిలిచింది. 31 వీడియోల్లో దొరకనిది ఆ పది నిమిషాల్లో దొరికింది. అందువల్ల ఎవరైనా ఇలాంటి తరగతి ఎంచుకునేటప్పుడు వీడియోల సంఖ్య కన్నా, మన కాగితాన్ని ఎవరైనా ప్రత్యక్షంగా చూసే అవకాశం ఎన్నిసార్లు ఉందన్నది ముందుగా చూడాలని గట్టిగా చెబుతాను.

వీడియో చూసే పద్ధతిలో నా వైపున కూడా ఒక తప్పు ఉంది. చూస్తూ, మధ్యలో ఆపుతూ, ఆమెతో పాటే వేయాలని ప్రయత్నించాను. వీడియోను ఆపవచ్చు గానీ, కాగితం ఆరడాన్ని ఆపలేం. ఆపిన వీడియో మళ్లీ నడిచేలోగా నా వాష్ మరో దశకు వెళ్లిపోయేది. మూడో వారం నుంచి పాఠం మొత్తం ఒకసారి చూసి, క్రమాన్ని చిన్న కాగితం మీద రాసుకుని, తెర మూసేసి బొమ్మ వేయడం మొదలుపెట్టాను. వేసిన తరువాత మళ్లీ చూసి పోల్చుకునేదాన్ని. వేగం పెంచి చూడటం కూడా మానేశాను. ఒకటిన్నర రెట్ల వేగంతో చూసిన వాష్ లయ చేతికి తప్పుగా అలవాటవుతుంది.

నీటిరంగుల భాగంలో మెచ్చుకోవలసినవి లేవని కాదు. కుంచె గీతల అభ్యాసం చక్కగా ఉంది. కొసతో మొదలుపెట్టి, పొట్ట ఆనించి, మళ్లీ కొసతో ముగిస్తే ఒక్క కదలికలో ఆకు వస్తుంది. దాన్ని వంద సార్లు వేయించారు, ఆ వందా అవసరమే. ఒకే రంగును నీటితో పలుచన చేస్తూ తొమ్మిది మెట్లుగా వేసే పట్టిక వల్ల వెలుగునీడల అంచనా కుదిరింది. నీటిరంగు ఆరాక లేతబడుతుంది కనుక తడిగా ఉన్నప్పుడు కావలసినదానికన్నా ఒక మెట్టు ముదురుగా వేయాలన్న సూచన ఆ పట్టిక చేస్తున్నప్పుడే మనసుకెక్కింది. బొమ్మ గీయడం మీద మాత్రం ఒక్క పాఠం కూడా లేదు. కొత్తవారికని ప్రకటించిన తరగతిలో, పువ్వును పక్కనుంచి చూస్తే గిన్నెలా, పైనుంచి చూస్తే పళ్లెంలా ఎలా మారుతుందో చెప్పకపోవడం లోపమే.

ఆరో వారంలో ప్యాటర్న్ డిజైన్ మొదలైంది. ఇక్కడ ప్రతి అడుగూ నిశ్చలంగా ఉంటుంది. వీడియోను ఆపితే పని కూడా ఆగుతుంది, అర్థమయ్యేదాకా మళ్లీ చూసుకోవచ్చు. పైగా బోధకురాలు ఈ భాగాన్ని కంప్యూటర్‌తో కాక కత్తెరతో మొదలుపెట్టారు. చదరపు కాగితం మధ్యలో, అంచుల్ని తాకకుండా పెద్ద పువ్వు ఒకటి, దాని పక్కన రెండు ఆకులు వేయించారు. తరువాత కాగితాన్ని నిలువుగా సగానికి కోసి, కుడి ముక్కను ఎడమవైపుకు, ఎడమ ముక్కను కుడివైపుకు మార్చి, వెనకవైపు టేపుతో అతికించమన్నారు. మళ్లీ అడ్డంగా కోసి, పై ముక్కను కిందికి, కింది ముక్కను పైకి మార్చి అతికించాం. మధ్యలో ఉన్న పువ్వు ఇప్పుడు నాలుగు ముక్కలై నాలుగు మూలలకు చేరింది, ఖాళీగా ఉన్న అంచులన్నీ మధ్యకు వచ్చాయి. ఆ ఖాళీలో మొగ్గలు, చిన్న ఆకులు నింపితే రిపీట్ టైల్ తయారవుతుంది. నకళ్లు తీసి పక్కపక్కన పేర్చినప్పుడు, నాలుగు టైళ్ల మూలలు కలిసిన చోట నా ముక్కల పువ్వు మళ్లీ పూర్తి పువ్వుగా కనిపించింది. ప్యాటర్న్ ఎలా పనిచేస్తుందో తల ముందు చేతికి తెలిసిన క్షణం అది. ఇదే పనిని కంప్యూటర్‌లో ఆఫ్‌సెట్ అనే ఆదేశం రెప్పపాటులో చేస్తుంది; 3600 పిక్సెళ్ల టైల్‌ను రెండు దిశల్లోనూ 1800 పిక్సెళ్లు జరిపితే సరిపోతుంది. కత్తెరతో ఒకసారి చేసి ఉండకపోతే మాత్రం ఆ ఆదేశం నాకు మంత్రంలాగే మిగిలేది.

హాఫ్ డ్రాప్ పాఠం మొత్తం తరగతిలోకెల్లా ఉత్తమమైనది. టైళ్లను నేరుగా వరుసల్లో పేర్చితే ఒకే పువ్వు ఒకే ఎత్తులో మళ్లీ మళ్లీ రావడం కన్ను వెంటనే పసిగడుతుంది. పక్క నిలువు వరుసను సగం ఎత్తు కిందికి దించితే, అదే ఎత్తులో అదే పువ్వు తిరిగి రావడానికి రెండు టైళ్ల వెడల్పు పడుతుంది. చూపు అడ్డంగా కాక ఏటవాలుగా ప్రయాణిస్తుంది, పునరావృతం దాగిపోతుంది. ఇదే జరుపును అడ్డంగా చేస్తే ఇటుకల కట్టుబడి, అంటే బ్రిక్ రిపీట్. వీటిని వివరించడానికి ఆమె పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల డిజైనర్ విలియం మోరిస్ డిజైన్లను తెర మీద పెట్టి, వాటి మీద పెన్సిల్‌తో టైల్ హద్దులు గీసి చూపించారు. 1862లో ఆయన రూపొందించిన ట్రెలిస్ అనే వాల్‌పేపర్‌లో కర్రల జాలీ గళ్లే పునరావృతాన్ని మోస్తాయి కనుక, గులాబీ తీగ వాటి మీద స్వేచ్ఛగా అల్లుకున్నట్టు కనిపిస్తుంది. అందులోని పక్షులను గీసింది ఆయన మిత్రుడు ఫిలిప్ వెబ్. 1883 నాటి స్ట్రాబెర్రీ థీఫ్ బట్టలో పక్షులు జంటలుగా, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా నిలుస్తాయి. తీగల గజిబిజిగా నేను చూస్తూ వచ్చిన వాటి లోపల ఇంత కచ్చితమైన ఎముకల గూడు ఉందని అప్పటిదాకా తెలియదు.

ఈ సందర్భంలో మరొక్క మాట చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. ఒక తలాన్ని రెండు దిశల్లో పునరావృతంతో నింపడానికి ఉన్న సౌష్ఠవ రీతులు సరిగ్గా 17 మాత్రమేనని రష్యన్ స్ఫటిక శాస్త్రవేత్త ఫ్యోదరోవ్ 1891లో నిరూపించారు. పువ్వులు ఎన్ని రకాలైనా, రంగులు ఎన్నైనా, ఆ పదిహేడింటిలో ఒకదానిలోకి రావలసిందే. కొత్తగా నేర్చుకునేవారికి ఇది భయపెట్టే గణితం కాదు. ముందున్న దారులు లెక్కపెట్టదగినన్నే ఉన్నాయన్న ధైర్యం.

స్కానింగ్ పాఠం చిన్నదైనా పనికొచ్చేది. మూడు అంగుళాల పువ్వును 600 డీపీఐతో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 1800 పిక్సెళ్లు వస్తాయి. ముద్రణలో 300 డీపీఐ చొప్పున దాన్ని ఆరు అంగుళాల దాకా పెంచుకోవచ్చు. స్కానర్ లేత వాష్‌లను మింగేస్తుందన్న హెచ్చరిక నిజమని నా గులాబీ రేకుల అంచులు మాయమైనప్పుడు తెలిసింది. లెవెల్స్ (వెలుగునీడల స్థాయిలు) సరిచేసి కొంతవరకు వెనక్కి తెచ్చుకున్నాను. పువ్వును కత్తిరించాక చుట్టూ మిగిలే తెల్లటి అంచును పోగొట్టడానికి లేయర్‌ను (బొమ్మ ఉన్న పొరను) మల్టిప్లై పద్ధతిలో, అంటే తెలుపు కనిపించకుండా కింది రంగుతో కలిసేలా, పెట్టడం అనే చిట్కా కూడా ఇక్కడే నేర్చుకున్నాను. అయితే పాఠమంతా ఒకే సాఫ్ట్‌వేర్‌లో సాగింది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారికి అదే పని ఎలా చేయాలో కనీసం ఒక పుట రాసి ఇవ్వవలసింది.

నా ప్రాజెక్టు టైల్‌ను ఒంటరిగా చూసినప్పుడు నిండుగా, ముచ్చటగా ఉంది. మూడు అడ్డ వరుసలు, మూడు నిలువు వరుసలుగా పేర్చి చూస్తే, పువ్వుల మధ్య నుంచి పైనుంచి కిందిదాకా తెల్లటి కాలువ ఒకటి పారుతోంది. టైల్‌లో అది రెండు ఆకుల మధ్య వేలెడు ఖాళీ మాత్రమే. తొమ్మిది టైళ్లలో అది బాటయింది. ఏడో వారపు సమావేశంలో బోధకురాలు దాన్ని చూసి, చిత్రాన్ని తపాలా బిళ్లంత చిన్నది చేసి, కళ్లు సగం మూసి చూడమన్నారు. పువ్వులన్నీ మసకబారాయి, కాలువ ఒక్కటే మిగిలింది. ఖాళీని నింపడానికి కొత్త పువ్వు పెట్టబోతే వద్దన్నారు. ఉన్న ఆకునే ముప్పై డిగ్రీలు తిప్పి, కొసను ఆ ఖాళీలోకి పంపమన్నారు. కాలువ తెగిపోయింది, చూపు పక్కకు మళ్లింది. టైళ్ల అతుకు దగ్గర వెంట్రుక మందాన గీత కూడా ఒకటి కనిపించింది. టైల్ కొలత పూర్ణ పిక్సెళ్లలో లేకపోవడమే అందుకు కారణం, కొలతను పూర్ణ సంఖ్యకు మార్చగానే పోయింది.

చివరి వారంలో డిజైన్లు అమ్ముకోవడం గురించిన పాఠం మాత్రం తొమ్మిది నిమిషాల్లో ముగిసింది. కాపీరైటు గురించి, ఇతరుల ఫొటోను చూసి గీసిన పువ్వును అమ్మవచ్చా అన్న దాని గురించి, లైసెన్సు ఇవ్వడానికీ హక్కులు పూర్తిగా రాసి ఇచ్చేయడానికీ మధ్య ఉన్న తేడా గురించి ఒక్క మాటా లేదు. దీన్ని సంపాదన మార్గంగా భావించి చేరేవారు ఈ పాఠం మీద ఆశ పెట్టుకోకూడదు. అభ్యాసాలకు వచ్చే రాతపూర్వక స్పందనలు కూడా నిరాశపరిచాయి. సహాయకులు ప్రతి బొమ్మకూ 'చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి' అని రాశారు. ఏడు బ్లూమ్‌లతో నిండిన నా ఆకుల పుటకు కూడా ఆ మాటే వచ్చింది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలని పంపినవారికి ఆ ప్రశంస ఏ విధంగానూ ఉపయోగపడదు.

వీడియోలు ఏడాది పాటు తెరిచే ఉంటాయి. ప్రాజెక్టు పూర్తయ్యాక నేను మళ్లీ రెండో వారపు ఆకు పాఠానికి వెళ్లాను. తెర కుడి అంచున, దాదాపు చట్రం బయట, మడిచిన నూలుగుడ్డ ఒకటి ఉంది. కుంచెను రంగులో ముంచిన ప్రతిసారీ, కాగితం మీదకు తెచ్చేముందు ఆమె దాని పొట్టను ఆ గుడ్డకు ఒక్క క్షణం ఆనిస్తున్నారు. మొదటి ఏడుసార్లు చూసినప్పుడు ఇది నా కంట పడలేదు, ఆమె కూడా ఎక్కడా చెప్పలేదు. చాలాకాలంగా చేస్తున్న పని కనుక చెప్పాలని ఆమెకు తోచి ఉండదు. ఇప్పుడు నా బల్ల మీద కూడా కుడివైపున అలాంటి గుడ్డే మడిచి పెట్టుకున్నాను.